తొమ్మిదో మంచంలో ఖాళీ చోటు

ఆసుపత్రిలో ఆమెను అందరూ గడియారం సిస్టరు అంటారు. యూనిఫారం జేబు మీద తలకిందులుగా వేలాడే చిన్న గడియారం ఒకటి ఉంటుంది. అదైనా తప్పుతుందేమో గానీ ఆమె తప్పదు. ఆరింటి మందు ఆరింటికే, ఎనిమిదింటి సూది ఎనిమిదింటికే. డాక్టర్లు ఆమెను చూసి తమ గడియారాలు సరిచేసుకుంటారని వార్డులో ఒక వేళాకోళం. ఇరవై ఏళ్ళలో "ఇప్పుడే వస్తాను" అని చెప్పి ఆమె వేళకు రాకపోయింది ఒక్కసారే.

వేరే దేశపు ఆసుపత్రి ఒకటి ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. అయితే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు భాగాల్లోనూ తొమ్మిదికి ఏడు రావాలి. చదవడం, రాయడం, వినడం ఎలాగో గట్టెక్కాయి. మాట్లాడే భాగంలో రెండుసార్లూ ఆరున్నర దగ్గరే ఆగింది. కొండంతా ఎక్కి గుడి గడప దగ్గర బోర్లా పడ్డట్టు. మూడోసారీ తప్పితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరం వచ్చింది. వెళితే ఆరు నెలల్లో అక్కను కూడా తీసుకుపోవచ్చు. చిన్నప్పుడే తల్లి పోతే కుట్టుమిషను తొక్కి చెల్లెలికి నర్సు చదువు చెప్పించింది ఆ అక్కే. ఇప్పుడు మోకాళ్ళు పోయి, రెండు అంతస్తులు దిగి వీధి చూడటమే గగనమైపోయింది.

కోచింగు చెప్పేది బ్యాండు మాస్టారు. ఆ పరీక్షలో మార్కులను బ్యాండు అంటారు, అలా వచ్చింది ఆ పేరు. చెప్పుల దుకాణం పైన ఆయన గది. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు, మార్కులే గుర్తు. "ఏమ్మా ఆరున్నరా, ఇలా ముందుకొచ్చి కూర్చో" అంటాడు. పరీక్షలో ఒక చీటీ ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. "ముందే ఆగిపోతే మునిగిపోయినట్టే. ఎక్కడ సందు దొరికితే అక్కడ, రోజుకు పదిసార్లు" అన్నాడాయన. ఆమె ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో మంచం పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "కాసేపు కూర్చోమ్మా. ఎందుకో ఏదోలా ఉంది" అంది. సిస్టరు నాడి చూసింది, రక్తపోటు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. "రెండు నిమిషాల్లో వస్తానమ్మా" అని చెప్పి దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తనకు నచ్చిన గొడుగు గురించి ఇంగ్లీషులో మాట్లాడింది. నిమిషం నలభై సెకన్లకే మాటలైపోయాయి. ఉక్రోషం వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. నాలుగోసారికి సరిగ్గా రెండు నిమిషాలు నిలిచింది.

తిరిగి వచ్చేసరికి పదకొండు నిమిషాలైంది. పెద్దావిడ ముఖం తలుపు వైపు తిరిగి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండె ఆగిపోయిందని, పక్కనున్నా ఎవరూ చేయగలిగేది లేదని డాక్టరు అన్నాడు. ఆమె ఎక్కడికి వెళ్ళిందని ఎవరూ అడగలేదు. గడియారం సిస్టరును అలా ఎవరడుగుతారు? కానీ ఆమె ఒకటి చూసింది. పెద్దావిడ మంచం అవతలి అంచుకు జరిగి, ఇవతల ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి ఉంది.

మరుసటి వారం మాస్టారు ఇచ్చిన చీటీ, మీరు సాయం చేసిన ఒక మనిషి గురించి చెప్పమంది. నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక పెద్దావిడ కూర్చోమంది, నేను పక్కనే కూర్చున్నాను, చెయ్యి వదల్లేదు, ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్ళింది. ఎక్కడా తడబడలేదు. మాస్టారు బల్ల చరిచాడు. "ఏడు! ఇదే నీ కథ. మాట ఇచ్చారా, ఓపిక పట్టారా, ముసలివాళ్ళను చూశారా, ఏది అడిగినా ఇదే తిప్పి చెప్పు. అన్ని తాళాలకూ ఒకటే చెవి." వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఆమె తల ఊపింది.

ఇంట్లో పరీక్షాధికారి అక్క. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో రాసిస్తే కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చి, ఎంత దర్పంగా చదివేదంటే అసలు అధికారి కూడా ఆమె ముందు దిగదుడుపే. ఫోనులో రెండు నిమిషాల గంట పెట్టేది. ఒకరోజు కథ అయ్యాక, "ఇంతకీ ఏమిటే అది? రోజూ అదే చెబుతావు" అని అడిగింది. ఆమె తెలుగులో చెప్పింది, పరీక్షకు చెప్పినట్టే.

"నీ చేతి చలవే" అంది అక్క, కూర కలుపుతూ.

అప్పటిదాకా అది పరీక్షలో జవాబు. ఆ క్షణం నుంచి అబద్ధమైంది. ఇక ఆమెకు మనశ్శాంతి లేకుండా పోయింది. తొమ్మిదో మంచంలో ఎవరు పడుకున్నా ఒక పక్కకు జరిగి ఉన్నట్టే కనిపించేది. మందు ఇవ్వడానికి వెళితే ఆ ఖాళీ చోటు నుంచి చూపు మరల్చుకోలేకపోయేది. కొన్నాళ్ళకు ఇంట్లో పొద్దున్నే లేచి చూసుకుంటే తానే మంచం అవతలి అంచుకు జరిగి ఉండేది, ఇవతల దుప్పటి ముడత పడకుండా ఉండేది. భయమేసింది. ఎవరితో చెప్పుకోగలదు?

పరీక్ష రోజు డ్యూటీ నుంచి యూనిఫారంలోనే వెళితే, బయటే గడియారం తీసి పెట్టమన్నారు. జేబు మీద బరువు తగ్గేసరికి ఒళ్ళు తేలిపోయినట్టైంది. లోపల మెత్తని గొంతున్న ఒకావిడ చీటీ ఇచ్చింది. ఎవరికైనా మీరిచ్చిన మాట గురించి చెప్పండి. ఆమె మొదలుపెట్టింది. కూర్చున్నాను, చెయ్యి వదల్లేదు, ఇంటికి వెళ్ళింది. సరిగ్గా రెండు నిమిషాలు. ఇక లేవడమే అనుకుంటుండగా ఆ అధికారి చిన్న ప్రశ్న వేసింది. ఆవిడ ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఇంతమంది విన్నారు, ఇది మాత్రం ఎవరూ అడగలేదు. దీనికి జవాబు తయారుగా లేదు. ఆమె నోట ఇంగ్లీషులో నిజం వచ్చేసింది. ఆవిడ చనిపోయింది, నేను కూర్చోలేదు, పక్క గదిలో ఈ పరీక్షకే మాటలు నేర్చుకుంటున్నాను, ఆవిడ నాకోసం చోటు వదిలి పెట్టింది.

అధికారి కలం ఆగింది. ఏదో అనబోయి, రికార్డరు వైపు చూసి, కృతజ్ఞతలు, పరీక్ష ముగిసింది అని మాత్రం అంది. అంతకంటే మాట్లాడటానికి వాళ్ళకు రూలు ఒప్పుకోదు.

మాట్లాడే భాగంలో ఎనిమిది వచ్చింది. మాస్టారు గోడ మీద ఆమె ఫొటో అంటించి, ఆ పూట నుంచి ఆమెను ఎనిమిదీ అని పిలవసాగాడు. అక్క ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, "అంత బాగా ఏం చెప్పావే? నాకూ చెప్పు" అని ఎదురుగా మంచం మీద కూర్చుంది. అలవాటు కొద్దీ ఫోనులో గంట కూడా పెట్టింది.

ఆమె నోరు తెరిచింది. పరాయి మనిషి ముందు పరాయి భాషలో తడబడకుండా వచ్చిన మాట, అక్క ముందు గొంతు దాటలేదు. రెండు నిమిషాలూ అయిపోయి ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది.

అక్క గంట ఆపేసి, మంచం మీద కాస్త పక్కకు జరిగి, ఖాళీ అయిన చోట చేత్తో తట్టింది.

"ఇలా వచ్చి కూర్చో. ఎంతసేపైనా ఫర్వాలేదు, నేనెక్కడికీ పోను" అంది.

ఆ చోటు కేసి చూస్తూ ఆమె చాలాసేపు నిలబడే ఉండిపోయింది.