కంటికొలత మాస్టారి సంచుల లెక్క

పేటలో అందరూ ఆయన్ని కంటికొలత మాస్టారు అంటారు. మనిషి గుమ్మం దాటి రెండడుగులు వేసేలోపు భుజమెంతో, నడుమెంతో చూపుతోనే చెప్పేస్తాడు. మెడలో టేపు ఉంటుంది గానీ అది అలంకారానికే. చదివింది ఊరి బళ్లో ఐదో తరగతి దాకా. ఆ ఐదేళ్లూ మొదటి ర్యాంకు తనదేనంటాడు. తరగతిలో ఎంతమంది పిల్లలుండేవారో మాత్రం చెప్పడు.

ఆయన ఘనతల్లోకెల్లా ఘనమైనది ఇంజనీరుగారి కోటు. వంతెన కట్టడానికొచ్చిన ఇంజనీరు బక్కపలచగా ఉన్నప్పుడు కుట్టించుకున్న కోటును, బొజ్జ వచ్చాక కూడా కూతురి పెళ్లికి తొడుక్కున్నాడట. "ఎలా? లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలా కాబట్టి. చెప్పిన కొలతకి కుట్టేవాడు దర్జీ. రేపటి కొలతకి కుట్టేవాడు మాస్టారు!" గుండీ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఈ కథ వినకుండా బయటపడలేరు.

షాపంటే ఇంటి ముందు గదే. రెండు మిషన్లు, గోడ పొడుగునా కోత బల్ల, బల్ల చివర మేకుకి ఆయన కత్తెర. కొడుక్కి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి, అందుకని బస్సు నడుపుకుంటున్నాడు. షాపులో కుట్టు కోడలిది, కోత మాస్టారిది. కోడలు ఆ ఇంట అడుగుపెట్టి పాతికేళ్లు కావస్తున్నా ఆ కత్తెర ముట్టుకోవడానికి వీల్లేదు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చమ్మాయ్, కోత తప్పితే అతకలేం" అనేవాడు. ఆమె తలూపేది. తలూపుతూనే ఒకసారి మేకు వైపు చూసేది.

మనవరాలి పెళ్లి కుదిరింది. వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి కదా. బజారు సరుకు వద్దంది పెళ్లికూతురు. మిగిలిన రంగు గుడ్డలతో అరచేతిలో పట్టే సంచులు కుట్టి, ఎండబెట్టిన పూరేకులు నింపి, మూతికి తాడు బిగిస్తే బీరువాలో బట్టలకి మంచి వాసన వస్తుందంది. ఆ మాట మాస్టారికి మహా నచ్చింది. ఎన్ని చెయ్యాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

"శుభలేఖలు నూట ఎనభై ఇచ్చాం. ఇంటికొకటి. పిలవకుండా వచ్చేవాళ్లకి ఇరవై. మొత్తం రెండొందలు!" అన్నాడాయన, బల్లమీద సుద్దముక్కతో గీత గీసి.

"ఇంటికొకటేంటి తాతయ్యా, మనిషికొకటి ఇవ్వాలి" అంది మనవరాలు.

"ఇల్లన్నాక బీరువా ఒకటే కదే!"

ఆయన భార్య గుమ్మంలో కూర్చుని పూరేకులు ఏరుతోంది. "మీ చెల్లెలి సంగతి మర్చిపోయారా? కిందటి పెళ్లిలో చెప్పులే రెండు జతలు తొడుక్కెళ్లింది. ఒక్క సంచీతో ఊరుకుంటుందా?" అంది.

"నా చెల్లెల్ని అంటే ఊరుకోను. బ్యాండుమేళం మొత్తానికి ఎర్రకోట్లు కుట్టినవాణ్ణి, ఒక్క చేతికి గుడ్డ తక్కువ పడలేదు, ఒక్క పేలిక మిగల్లేదు. సంచులొక లెక్కా?"

"మరి తక్కువ పడితే మామయ్యా?" అంది కోడలు, మిషను ఆపి.

"పడితే ఆ కత్తెర నీ చేతికిచ్చేసి మూలన గుండీలు కుట్టుకుంటా."

"మిగిలితే?"

"మిగిలినా అంతే!"

అనేశాక గానీ ఎంత మాటన్నాడో ఆయనకి తెలియలేదు. కోడలు మళ్లీ మిషను తొక్కింది, ఈసారి కొంచెం వేగంగా.

ఆయన రెండొందలు కోశాడు, ఆమె కుట్టింది. కానీ ఆ ఇంట్లో అందరూ ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నవాళ్లే. అత్తగారు కోడల్ని వంటింట్లోకి పిలిచి, "ఓ ముప్ఫై ఎక్కువ కుట్టవే, ఆయనతో అనకు" అంది. పెళ్లికూతురు స్నేహితుల కోసమని తల్లి చెవిలో ఇంకో పాతిక ఊదింది. ఆడపిల్ల తల్లికి ఆ భయమైనా ఉండదా, కోడలు తన తరఫున కూడా కొన్ని కలుపుకుంది. మధ్యాహ్నం మామగారు భోంచేసి గురక మొదలెట్టగానే మేకు మీది కత్తెర కిందికి దిగేది. గురక స్థాయి మారగానే ఎక్కేసేది.

పెళ్లినాడు భోజనాల హాలు తలుపు దగ్గర బల్ల వేయించుకుని, బుట్ట ఎదురుగా పెట్టుకుని మాస్టారే స్వయంగా కూర్చున్నాడు. ఇంకొకళ్లకి అప్పజెబితే లెక్క తప్పుతుందట. మొదట్లో బాగానే నడిచింది. ఇంటికొకటి, నమస్కారం, తర్వాతి వాళ్లు. ఇంతలో మందుల షాపాయన సంచీని అటూ ఇటూ తిప్పి, "అబ్బ, ఏం కోత మాస్టారూ! ఇది మీ చెయ్యే!" అన్నాడు.

మాస్టారి ముఖం వెలిగింది. "కనిపెట్టావే! ఇదుగో, ఇంకోటి ఉంచు."

మాట హాలంతా పాకింది. పొగిడినవాడికి రెండు. వరసలో వచ్చినవాళ్లందరికీ ఉన్నట్టుండి కోత మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఒకావిడ ఇంజనీరుగారి కోటు కథ తనంతట తానే అడిగి చెప్పించుకుని, నాలుగు సంచులు పట్టుకెళ్లింది. ఆయన చెల్లెలైతే, "మా అన్నయ్య లాంటి కోత ఎక్కడుందిరా!" అంటూ మూడుసార్లు వరసలో తిరిగొచ్చింది.

బుట్టలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. చూస్తే మగపెళ్లివారింకా సగంమంది చేతులే కడుక్కోలేదు. అవతల మనవరాలు తన వైపే చూస్తోంది. మాస్టారు బల్ల వదిలి లేచాడు. "ఫ్యాన్ ఏదో చప్పుడు చేస్తోంది, చూసొస్తా" అంటూ గబగబా సామాన్ల గదికి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆయన చంకలో మూట ఉంది. బల్ల దగ్గర అప్పటికే ముగ్గురు నిలబడి ఉన్నారు. భార్య చేతిలో మూట. కోడలి చేతుల్లో రెండు మూటలు. పెళ్లికూతురు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మరో మూటతో. నలుగురూ ఐదు మూటలకేసి చూసుకున్నారు.

"ఇదెప్పుడు కుట్టారండీ?" అంది భార్య.

"మీరంతా చీరలకని బజారుకెళ్లినప్పుడు" అన్నాడాయన నేల చూస్తూ. "లోపల కాస్త గుడ్డ వదలాలి కదే..."

మగపెళ్లివారికి మనిషికొకటి అందింది. అందాక ఇంకా బుట్టెడు మిగిలాయి. భార్య ఊరుకుంటుందా? "తక్కువా పడ్డాయి, మిగిలాయి కూడా! ఒకే పెళ్లిలో రెండూ సాధించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఇదీ మీ ఘనతల్లో చేర్చుకోండి."

మర్నాడు మాస్టారు మిగిలిన సంచుల్ని కోత బల్లమీద పోసుకుని కూర్చున్నాడు. అద్దాలు పెట్టుకుని ఒక్కో సంచీ విప్పి అంచులు చూశాడు. తను కోసినవి ఒక పక్కకి తియ్యాలనుకున్నాడు. రెండు కుప్పలు పెట్టాడు, కలిపేశాడు, మళ్లీ పెట్టాడు. ఏవి తనవో తేలలేదు.

"అమ్మాయ్, ఇవెవరు కోశారు?"

కోడలు మిషను మీంచి లేచి నిలబడింది. "నేనే మామయ్యా. మీరు పడుకున్నప్పుడు."

"నా కత్తెరతోనా?"

"ఇంట్లో ఇంకో కత్తెరెక్కడుంది?"

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "కత్తెర మీద ఆశే అయితే అది ఒక్కటీ ఎక్కువ కుట్టకుండా ఊరుకునేది. సంచులు చాలక మీ మాటే మిమ్మల్ని పట్టించేది. తిట్టేముందు ఆ మాట ఆలోచించండి!"

ఆయన తిట్టలేదు. ఒక సంచీని తిరగేసి లోపలి అంచు వేలితో తడిమి చూశాడు. సమంగా, మూల మూలకీ గుడ్డ వదిలి ఉంది. లేచి మేకు మీది కత్తెర తీసి, పంచె అంచుతో తుడిచి, పిడి ఆమె వైపు పెట్టి చాపాడు.

"మాట మాటే. తీసుకో. టేపు మాత్రం నాదే."

ఆమె రెండు చేతులతో అందుకుంది. ఒక గుడ్డ పేలిక మీద కత్తెర వేసి చూసింది, ఇంకోసారి వేసి చూసింది. "మామయ్యా, ఏమీ అనుకోకండి... మొద్దుబారింది. సాన పట్టించాలి" అంది.

"మొద్దా? నా కత్తెరా?" మాస్టారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. లోపల భార్య నవ్వు వంటింటి గిన్నెల్లో మోగింది.

అంతలోనే ఆయన చెప్పులు తొడుక్కుని, కత్తెర కాగితంలో చుట్టుకుని బయల్దేరాడు. సానవాడు వీధి చివరే. అయినా ఆయన చేరేసరికి పొద్దెక్కింది. దారిలో కనబడినవాళ్లందరినీ ఆపి చెప్పాలి కదా మరి.

"మా కోడలి కత్తెర. సాన పట్టించడానికి. పిల్ల నా దగ్గరే నేర్చుకుంది!"