గంగమ్మకిచ్చిన చీర

మొన్న అంతర్వేది బీచ్‌లో అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, మా అమ్మాయి నురుగులోంచి ఎర్రచీర ముక్కొకటి లాగి తెచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు, నాన్న సముద్రం మీద వేటకు వెళ్లిన రోజు, అమ్మ గంగమ్మకని పసుపు, కుంకుమతో ఎర్రచీర నీళ్లలో వదిలింది. మర్నాడు అది ఒడ్డున కనబడింది. పోయిన చీర దొరికిందని సంబరంగా ఇంటికి మోసుకెళ్లాను.

అమ్మ మొహం పాలిపోయింది. "గంగమ్మ వద్దనేసిందా? తీసుకెళ్లి ఇచ్చేసి రావే" అంది.

ఎంత దూరం విసిరినా అల దాన్ని నా కాళ్ల దగ్గరికే తెచ్చింది. ఏడుస్తూ పొద్దుగూకేదాకా విసురుతూనే ఉన్నాను.

మూడోరోజు నాన్న క్షేమంగా వచ్చి, "పోటుకి కొట్టుకొచ్చిందే, పిచ్చితల్లీ" అని నవ్వాడు.

పోటు సంగతి ఇప్పుడు నాకూ తెలుసు. అయినా మా అమ్మాయి చేతిలోని ముక్క తీసుకుని సముద్రంలోకి విసిరాను. అల వెనక్కి తెచ్చింది. మళ్లీ విసిరాను.