మాల తీసిన మర్నాడు

తెనాలిలో మోటార్ల షాపు రంగనాయకుల్ని ఎరిగినవాళ్ళు ఇద్దరు రంగనాయకుల్ని ఎరుగుదురు. అయ్యప్ప మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ ఆయనంత మెత్తని మనిషి చుట్టుపక్కల దొరకడు. చన్నీళ్ళ స్నానం, నల్ల పంచె, నేల మీద పడక. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ‘స్వామీ’ అంటాడు, భార్య సుశీలను ‘మాతా’ అంటాడు. మిగతా ఏడాదంతా? ముక్కు మీద కోపం, నోటి నిండా బూతులు. అన్నం చల్లారిందంటే కంచం గోడకు తగిలేది. ఆ మాతే ‘ఒసే’ అయిపోయేది. కోపం ముదిరితే చెయ్యి కూడా లేచేది. వీధిలో అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళు. గురుస్వామి కదా మరి.

గురుస్వామే, సందేహం లేదు. పోయినేడు పద్దెనిమిదో మాల. పద్దెనిమిదో ఏడు కొబ్బరి మొక్కను కొండకు మోసుకెళ్ళాలి, మోశాడు. బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ కూడా ఇరుముడి కట్టించుకోవడానికి ఆయన దగ్గరికే వస్తారు. షాపు ట్రాలీ ఆటో నడిపే దేవదాసు కూడా ఆ ఏడు మాల వేశాడు. మాలలో ఉన్నవాళ్ళు ఒకరి కాళ్ళకు ఒకరు దణ్ణం పెట్టుకోవడం పద్ధతి, యజమాని, పనివాడు అని తేడా లేదు. దేవదాసు కాళ్ళకు రంగనాయకులు రోజూ మొక్కేవాడు.

కొండ నుంచి వచ్చి మాలలు తీశారు. మర్నాడు బాపట్లలో ఒక రైతుకు మోటారు దించాలి. దేవదాసు గంట ఆలస్యంగా చేరాడు. అప్పటికే అక్కడ కాచుక్కూర్చున్న రంగనాయకులు, ఆ రైతు ముందే ‘ఏరా’తో మొదలుపెట్టి వాళ్ళమ్మ దాకా వెళ్ళాడు. దేవదాసు మోటారు దించి, చేతులు తుడుచుకుని, తాపీగా అడిగాడు.

“మొన్న నా కాళ్ళకి దణ్ణం పెట్టారు గదండి. అప్పుడు నాలో ఉన్న స్వామి ఇయ్యాల ఎటు పోయాడండి?”

ఆటో తాళం ఆయన చేతిలో పెట్టి, సొంతూరు రేపల్లె బస్సెక్కాడు. మళ్ళీ పనిలోకి రాలేదు.

అంతే, ఆ మాట పట్టుకుంది. రంగనాయకులుకు తిండి సహించలేదు. కాలు గాలిన పిల్లిలా షాపుకీ ఇంటికీ తిరిగాడు. భావనారాయణస్వామి గుడిలో అరపూట కూర్చుంటే మనసు మరింత చెదిరింది. రేపల్లె దగ్గర ఒక ఆశ్రమంలో పెద్దాయన్ని అడిగాడు. “దీక్ష చాల్లేదు నాయనా, ఇంకో మండలం చెయ్యి,” అన్నాడాయన. పద్దెనిమిది చాల్లేదట! రంగనాయకులుకు ఒళ్ళు మండింది. మాలతో వచ్చి మాలతో పోయేవాడు దేవుడా, అద్దెకున్నవాడా? ఇంత మథనపడుతున్నా ఇంట్లో ఆయన నోరు మాత్రం మారలేదు, చెయ్యీ మారలేదు. అదే ఇంకా ఘోరం.

కార్తీకం వచ్చింది. ఏటా ఆయన చేత మాల వేయించుకునే ఫణీంద్ర రేపల్లె నుంచి వచ్చాడు.

“గురుస్వామీ, ఎప్పుడేసుకుంటున్నారండి?”

“ఈ ఏడు నేను వేసుకోను.”

“అదేంటండి, అపచారం కదండి?”

“మాల లేకపోయినా ఆయన ఉంటాడో లేదో చూడాలి.”

ఫణీంద్రకు ముక్క అర్థం కాలేదు. ఇంకో గురుస్వామిని వెతుక్కుంటూ పోయాడు. వంటింట్లోంచి అంతా విన్న సుశీల గోడకు చేరగిలబడింది. ఆమె భయం దేవుడి గురించి కాదు. ఏడాదిలో తనకు దక్కేవి ఆ నలభై ఒక్క రోజులే, వాటికీ నీళ్ళొదులుకోవాలా?

“నా కోసమన్నా వేసుకోండి,” అని బతిమాలింది. ఆయన చెప్పులేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు.

పదిరోజులు ఎలాగో గడిచాయి. ఒక మధ్యాహ్నం షాపులో బేరం చెడి రుసరుసలాడుతూ వచ్చాడు. పప్పుచారులో ఉప్పు లేదు. ‘ఒసే’ అంటూ లేచాడు, చెయ్యీ లేచింది. సుశీల ఒకడుగు వెనక్కి వేసి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. తొందర లేదు, అరుపు లేదు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నంత మామూలుగా.

ఎన్నేళ్ళుగా వేస్తోందో ఆ అడుగు, ఆయన ఎన్నడూ చూడలేదు. ఇవాళ చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నేళ్ళూ తను కొండెక్కి వెతికిన స్వామి తన చేతికీ ఆమె మొహానికీ మధ్యనున్న జానెడు చోటులో నిలబడి తనవంకే చూస్తున్నట్టనిపించింది. చెయ్యి దింపి కూర్చున్నాడు. ఆ చప్పిడి పప్పుచారే కలుపుకున్నాడు.

“మాల కూడా లేదుగా. కొట్టలేదేంటండి?” అని అడిగింది సుశీల. ఆమె మోచెయ్యి ఇంకా దించలేదు.