సూది కింద చీటీ

సార్నియా నుంచి టొరంటోకి నేరుగా వెళ్ళే రైలు రోజుకి ఒక్కటే. ఉదయం ఎనిమిది నలభైకి బయల్దేరుతుంది. తప్పితే మళ్ళీ మర్నాడే. స్టేషన్ దాకా సిటీ బస్సును నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే కాబట్టి, కారున్న మనిషిని ముందురోజే అడిగి పెట్టుకోవాలి. నాకు మా చర్చి పెద్ద సాల్మన్ అంకుల్ ఉన్నారు. ఇక్కడి కెమికల్ ప్లాంటులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. మాది కాకినాడ అయితే ఆయనది తుని.

"ఏం రూతమ్మా, పురుగుల ఉద్యోగానికి అంత దూరమా?" అన్నారు కారు తీస్తూ.

"పురుగులు కాదంకుల్, సీతాకోకచిలుకలు."

"మనం కోతుల్లోంచి వచ్చామన్నాయనవేనా?"

"ఆయన కాదు. అదే సంగతి అదే రోజుల్లో, ఎక్కడో దీవుల్లో చలిజ్వరంతో పడుకుని కనిపెట్టిన ఇంకో ఇంగ్లీషాయన తిరిగిన చోటివి."

"సర్లే, ఎవరివైతేనేం. ప్రార్థన చేస్తాలే," అని స్టేషన్లో దింపి వెళ్ళారు.

ఆ ఇంగ్లీషాయన పాఠాన్ని కాకినాడలో నాలుగేళ్ళు చెప్పాను. ఎమ్మెస్సీ జువాలజీ నాది. ఇక్కడికొచ్చి చదివింది సప్లై చైన్, చేస్తున్నది గోడౌన్లో పెట్టెలు మొయ్యడం. వచ్చిన కొత్తలో రూమ్మేట్లు, "రెజ్యూమేలోంచి ఎమ్మెస్సీ తీసెయ్యక్కా, ఓవర్ క్వాలిఫైడ్ అని ఎవరూ కాల్ చెయ్యరు," అంటే తీసేశాను. నిజంగానే వారంలో గోడౌన్ పని దొరికింది. మొన్న టొరంటోలోని ఒక మ్యూజియానికి కీటకాల విభాగంలో, ఆ దీవుల సీతాకోకచిలుకలు సర్దడానికి సహాయకులు కావాలని చూసినప్పుడు, ఆ ఒక్క అప్లికేషన్ కోసమే ఎమ్మెస్సీని మళ్ళీ బయటికి తీశాను. ఇవాళ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఈ ఉద్యోగం వస్తే నా చదువు నాకు దక్కుతుంది. రాకపోతే సోమవారం మళ్ళీ పెట్టెలే.

దారిలో లండన్ అనే ఊరొకటుంది, ఇంగ్లండుది కాదు; అది దాటేదాకా నిద్రపోయాను. నడుము నొప్పికి సీటు కుదరదు, అలసటకి మెలకువ ఉండదు. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర పులిహోర డబ్బా తీస్తే పక్కసీటు ముసలావిడ, నిమ్మకాయా అని అడిగింది. చింతపండు అని చెప్పి ఒక చెంచా పెట్టాను. కళ్ళు మూసుకుని తిని, ఇంకో చెంచా అడిగింది. ఒంటిగంట దాటాక టొరంటోలో దిగాం. అక్కణ్ణుంచి మ్యూజియానికి సబ్‌వేలో కాసేపే.

లోపలి గదిలో నాఫ్తలీన్ వాసన. మా అమ్మ బీరువా గుర్తొచ్చి ప్రాణం కొంచెం కుదుటపడింది. విభాగం చూసే మార్గరెట్ గారు ఒక డ్రాయరు నా ముందు పెట్టి, కలగాపులగంగా ఉంది, గంటలో సర్దిపెట్టమని వెళ్ళిపోయారు.

అన్నీ ఆ దీవులవే. ఆయన పట్టినవి కావు, తర్వాతెవరో తెచ్చినవి. ఆయన ఎనిమిదేళ్ళు దీవి నుంచి దీవికి పడవల్లో తిరిగాడు. పట్టిన ప్రాణి ఏ దీవిదో రాసిపెట్టుకున్నాడు. ఒక తీరం నుంచి చూస్తే కనిపించేంత దగ్గరి దీవిలో పక్షులు వేరుగా ఎందుకున్నాయన్న ప్రశ్న ఆ రాతల వల్లే పుట్టింది. ఇది పిల్లలకి బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో!

చెప్పడం వేరు, చెయ్యడం వేరు. ప్రతి సీతాకోకచిలుక సూదికీ కింద ఒక చిన్న చీటీ గుచ్చి ఉంది. పసుపు రంగుకి తిరిగి, అంచులు చిరిగి, కోడి గీతల్లాంటి రాతతో. మా కాలేజీల్లో ప్రాక్టికల్స్‌కి రఫ్ రికార్డు, ఫెయిర్ రికార్డు అని రెండుంటాయి. ఫెయిర్ రాశాక రఫ్ చిత్తుబుట్టలోకే. శుభ్రంగా ఉంటేనే మార్కులు. చెయ్యి ఊరుకుంటుందా? ఎనిమిది చీటీలు ఊడదీసి, గుండ్రటి అక్షరాలతో కొత్త అట్టల మీద ఎక్కించాను. తిరిగి గుచ్చబోతే, నాలుగు చీటీల మీద సులావెసి దీవి అని, నాలుగింటి మీద పక్కదీవి పేరు ఉంది. ఏది దేనిదో తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. సులావెసి సీతాకోకచిలుకల ముందు రెక్క అంచు బాగా వంగి ఉంటుందని ఆయన రాశాడు. ఎనిమిదింటినీ వరసగా పెట్టి చూశాను. నాలుగింటి రెక్కలు కొడవలిలా వంగి ఉన్నాయి. సుద్దముక్కతో గీసిందే తప్ప కంటితో ఎన్నడూ చూడలేదు. ఒక్క నిమిషం భయం మరిచిపోయి, చిన్నపిల్లలా సంతోషపడ్డాను.

గుచ్చేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ నోరు ఆగలేదు. మార్గరెట్ గారు రాగానే జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఎనిమిదింటి మీదికీ వంగి చూశారు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ రెక్కను చూసి దీవి పేరు రాస్తే, రేపు దీవిని బట్టి రెక్క మారిందని ఎవరైనా ఎలా రుజువు చేస్తారు? పాత చీటీ ఎప్పుడూ తియ్యం. కొత్తది రాస్తే దాని కింద గుచ్చుతాం."

తర్వాత నా చేతే ఎనిమిది చీటీలు రాయించారు. అసలు చీటీ పొరపాటున తీశారు, రెక్కను బట్టి దీవిని ఊహించారు అని, కింద నా పేరు, తేదీ. వారంలో మెయిల్ చేస్తామన్నారు. ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

తిరుగు రైలు సాయంత్రం ఐదూ నలభైకి. పక్కసీటులో ఒకమ్మాయి, రెండు పెద్ద సూట్‌కేసులతో. పేరు శ్రావణి, కరీంనగర్. పొద్దున్నే విమానం దిగి మా కాలేజీలో చేరడానికి వస్తోంది.

"అక్కా, సార్నియాల బస్సులు మంచిగుంటయా?"

ఉన్నదున్నట్టు చెప్తే ముఖం వాడిపోయింది. మిగిలిన పులిహోర పెట్టాను.

"మీరేం చదివిండ్రక్కా?"

సప్లై చైన్ అని రెండేళ్ళుగా అలవాటైన జవాబు నాలుక చివరే ఉంది. మింగేశాను.

"జువాలజీ. కాకినాడలో నాలుగేళ్ళు పాఠం చెప్పాను. ఆ తర్వాత ఇక్కడ సప్లై చైన్. ఇప్పుడు గోడౌన్లో పని."

ఆమె చెంచా ఆపింది. "నేను బీఫార్మసీ అక్కా. పార్ట్‌టైం జాబ్‌కి పోతే అది చెప్పకు అన్నరు మా ఫ్రెండ్స్."

కిటికీ బయట మొక్కజొన్న చేల మీద ఎండ పల్చబడుతోంది. ఈ దారిలో వచ్చేవాళ్ళకి చెప్పగలిగింది ఇంతే: టికెట్ ముందే తీసుకోండి, తిండి వెంట తెచ్చుకోండి, ఒక్కరోజులో పోయి రావడం ఒంటికి మంచిది కాదు. నా ఒళ్ళు హూనమైంది. ఉద్యోగం రాదేమోనని దిగులుగానూ ఉంది. అయినా ఆ అబద్ధం ఇంకోసారి చెప్పే ఓపిక నాలో లేదు.

స్ట్రాట్‌ఫర్డ్‌లో సిగ్నల్ రాగానే సాల్మన్ అంకుల్‌కి ఫోన్ చేశాను.

"అంకుల్, కార్లో ఇంకో మనిషికి, రెండు సూట్‌కేసులకి చోటుందా?"

"చూద్దాంలే. ఎవరమ్మా?"

శ్రావణి నా వైపే చూస్తోంది.

"శ్రావణి అంకుల్. కరీంనగర్. బీఫార్మసీ," అన్నాను.