మబ్బు రోజుల్లో పచ్చనీళ్లు

నంద్యాల కాలేజీలో నేను చెప్పే పాఠాల్లో సముద్రపు ప్లవకాల పాఠం ఒకటి. కంటికి ఆనని ఆ పచ్చదనం ఏ కాలంలో ఏపుగా పెరుగుతుందో, ఏ కాలంలో సన్నగిల్లుతుందో, పగటికీ రాత్రికీ ఎలా మారుతుందో ఏటా చెప్తాను. సముద్రం చూడని పిల్లలు కూడా శ్రద్ధగా వింటారు. మా ఇంట్లోవాళ్లే వినరు.

ఆళ్లగడ్డ దగ్గర కాలువ కింది మడిని మా అన్న చేపల చెరువు చేశాడు. పోయినేడు వానాకాలంలో చూడబోతే నీళ్లు గోరింటాకు నూరి కలిపినట్టున్నాయి. అదంతా ప్లవకాలే, చేపలకు మేత. అన్న మురిసిపోతూ, ఆ పచ్చదనం పెరగాలని ఇంకా పేడ వేయిస్తున్నాడు. మబ్బులు పట్టాయి, ఆపమన్నాను. ఎండలో నీటికి ఆక్సిజన్ ఇచ్చే ఆ పచ్చదనమే రాత్రంతా దాన్ని పీల్చేస్తుందని, ఎండ లేని రోజుల్లో తెల్లారేసరికి చేపలకు ఊపిరాడదని విడమరిచి చెప్పాను. మేత అమ్మేవాడు వేయమన్నాడట. పొరుగింటి పుల్లకూర రుచి మరి.

"నీ పాఠాలు నంద్యాల్లో చెప్పుకో. ఈడ చెరువు నేను చూసుకుంటాండా" అన్నాడు.

ముసురు వదల్లేదు. ఒక తెల్లవారుజామున అన్న ఫోన్ చేస్తే పరుగెత్తాను. బొచ్చెలు, రోహులు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. మోటారు వేసి నీళ్లు చిమ్మించేసరికే చాలావరకు తెల్లగా తేలాయి. అన్న గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. అంతకు మించి కోపమొచ్చింది.

సాయంత్రం అమ్మ గట్టున గుమ్మడికాయ కొట్టించి దిష్టి తీయించింది. పేడ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ నన్ను మాత్రం పక్కకు పిలిచింది.

"నీ నోటి మాట తగిలింది. ఇంగ చెరువు కాడికి రావాకు."

అన్న విన్నాడు, కాదనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చేపలు చస్తాయని ముందే చెప్పడం తప్పట, చచ్చేలా చేయడం తప్పు కాదట! నన్ను చదివించింది కూడా వీళ్లే. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

ఈ ఏడు మళ్లీ చేపపిల్లలను వదిలారు. నిన్నటి నుంచి ముసురు పట్టింది. ఉండబట్టలేక అన్నకు ఫోన్ చేసి, పేడ ఆపావా అని అడిగాను.

"నీకు దండం పెడతా. ఈసారి ఏమీ చెప్పాకు తల్లీ" అని ఫోన్ పెట్టేశాడు.