గంగారామన్న గడిలో తొమ్మిదులు

గంగారామన్న ఇక లేడన్న దుర్వార్త నాకు బాన్సువాడ బస్టాండులో, మద్నూరు బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. నమ్మలేదు. కిందటి వారమే నేను టైపు చేసిన కాగితంలో ఒక అంకె పక్కకు జరిగిందని నన్ను కడిగేసిన మనిషి! ఆ దిగ్భ్రాంతి నుంచి తేరుకోకముందే ఆఫీసులో సంతాపసభ. మా అధికారి లేచి ఆయనను 'కర్మయోగి' అని కీర్తించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆయనను పిచ్చోడన్నది ఆ నోరే.

ఎరగనివారి కోసం చెబుతాను. మా వరి పరిశోధన కేంద్రంలో ఆయన క్షేత్ర సహాయకుడు. ప్రయోగాత్మకంగా సాగుచేసిన ప్రతి మడి దిగుబడినీ గడుల కాగితంలో నింపేవాడు. ఆ అంకెలు హైదరాబాదులో అట్ట కార్డుల మీద రంధ్రాలై, కంప్యూటరులోకి వెళ్లి, సగటులుగా తిరిగొచ్చేవి. చదివింది పదో తరగతే. అయినా ఏ అంకె ఏ గడిలో కూర్చోవాలో మా పట్టభద్ర శిఖామణులందరికంటే ఆయనకే బాగా తెలుసు. "మిషినికి సోయి ఉండదు తమ్మీ, మనకుండాలె" అనేవాడు. మా ఆఫీసులో ఆ సోయే, ఆ తెలివిడే కరువు.

ఒక ఏడు కాలువ చివరి ఊళ్లో సాయవ్వ అనే రైతు పొలంలో ఆరు మళ్లలో కొత్త వరి రకం వేశాం. తక్కువ నీటితో పండే రకం కాబట్టి ఆ ఊరంతా దాని మీదే ఆశ పెట్టుకుంది. సరిగ్గా కోతల ముందు అడవిపందులు పడి రెండు మళ్లను తొక్కేశాయి. గంగారామన్న ఆ రెండు గడుల్లో వరసగా తొమ్మిదులు వేశాడు. తొమ్మిదులు కనబడితే ఆ మడిని లెక్కలోంచి తప్పించాలని హైదరాబాదు వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు.

"ఏమిటయ్యా ఈ తొమ్మిదులు? కాగితమంతా ఖరాబు చేశావు. ఖాళీగా వదిలెయ్" అన్నాడు అధికారి.

"ఖాళీ ఇడిస్తే మిషిని సున్నా అని చదువుతది సార్. పండలే అనుడు వేరు, కొయ్యలే అనుడు వేరు."

"నువ్వా నాకు కంప్యూటరు నేర్పేది?"

తొమ్మిదులను తన స్వహస్తంతోనే చెరిపేశాడా మహానుభావుడు. కార్డుల పెట్టెతో పాటు ఫలితాలు తిరిగొచ్చాయి. రెండు సున్నాలు కలిసి సగటు పాతాళానికి పడింది. ఆ రకం పనికిరాదని నివేదిక రాసి ఆయనే దర్జాగా సంతకం పెట్టాడు.

సాయవ్వ ఆఫీసు గడపలో నిలబడి, "నాలుగు మళ్లు నిండ పండె గద సారూ, గిదేం నాయం?" అని అడిగింది. ఒక్కడూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు, సిగ్గులేకుండా టైపు కొట్టుకుంటూ కూర్చున్నాను.

గంగారామన్న సెలవు పెట్టి, కార్డుల పెట్టె ఒడిలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాడు. తప్పుపడిన రెండు కార్డులకే తొమ్మిదులతో మళ్లీ రంధ్రాలు కొట్టించి, లెక్క తిరిగి చేయించాడు. ఆ రకం అన్నిటికంటే ముందు నిలిచింది. ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెడితే మా అధికారి మడత కూడా విప్పలేదు. "సంతకమైపోయిందయ్యా" అన్నాడు. ఒక ఊరి పంట కంటే ఆయన సంతకం పవిత్రమైనది మరి! విత్తనం ఏ రైతుకూ అందలేదు, సాయవ్వ తన నాలుగు మళ్ల నుంచి దాచుకున్నది తప్ప.

సంతాపసభకు ఆమె కూడా వచ్చి వెనక నిలబడింది. "ఇయ్యాల్టికీ మా ఇంట్ల బువ్వ ఆయన నిలబెట్టిన వడ్లదే" అంది. ఆమెను వేదిక మీదికి పిలిచినవాడు లేడు.

సభ ముగిశాక పైఆఫీసుకు పంపవలసిన సంతాప పత్రం నా ముందుకొచ్చింది. పేరు, హోదా నింపాను. 'విశిష్ట సేవలు' అన్న గడి దగ్గర ఏం రాయమంటారని అధికారిని అడిగాను.

"ఏమున్నాయయ్యా రాయడానికి? ఖాళీగా వదిలెయ్."

ఈసారి తలెత్తి ఆయన మొహంలోకి చూశాను. గంగారామన్నా, నీలాంటి మనిషి మాకు మళ్లీ దొరకడు. నీకు నేను చేయగలిగిన నివాళి ఒక్కటే. కలం తీసి, అధికారి చూస్తుండగానే, ఆ గడి నిండా తొమ్మిదులు వేశాను.