బ్యారల్‌లో పట్టిన రాగి

తుపాకీ కాల్చేవాడు దాన్ని సరిగ్గా కడగడు. నౌకరీ చేసినన్నాళ్లూ నేను మొత్తుకున్నది ఇదే. నూనెగుడ్డ ఒకసారి లాగి, "అయిపోయింది సార్" అని నా బల్ల మీద పడేసి, టీ తాగడానికి పోతారు. మసిదేముంది, వేడినీళ్లు పోస్తే పోతుంది. రాగి పోదు. తూటా పైతొడుగులో రాగి ఉంటుంది కదా, దూసుకుపోయేటప్పుడు బ్యారల్ లోపలి గాడుల్లో అది సన్నటి పొరగా అంటుకుంటుంది. దాన్ని వదిలించాలంటే అమ్మోనియా కావాలి, ఓపిక కావాలి. రెండోది నాకు పుట్టుకతోనే లేదు. అయినా భద్రాచలం అడవి అంచున మా పోలీసు క్యాంపులో తుపాకులు బాగుచేసే పని నాదే.

అమ్మోనియాలో తడిపిన తెల్లగుడ్డను కడ్డీతో లోపలికి నెట్టి, కాసేపాగి బయటికి తోస్తే, రాగి ఉన్న బ్యారల్ నుంచి అది మైలుతుత్తం కలిపిన నీళ్లలా నీలంగా వస్తుంది. రాగి లేకపోతే తెల్లగానే వస్తుంది.

ఎనభైల చివర్లో, ఒక వానాకాలం, మా క్యాంపు కుర్ర కానిస్టేబుల్ ఒకడు అడవిలో చనిపోయాడు. ఇల్లందు బొగ్గుబావి కార్మికుడి కొడుకు. మంచి పిల్లాడు, కాస్త మెతక. పొద్దున గాలింపుకు వెళ్లిన మా పోలీసు పార్టీ మీద వాగు దగ్గర నక్సలైట్లు కాల్పులు జరిపితే అందరూ చెల్లాచెదురయ్యారు. మూడోరోజు వాగులో అతని శవమూ రైఫిలూ దొరికాయి. తూటాలుండే మ్యాగజైన్ దొరకలేదు. వాగు అవతలి గట్టున వాళ్ల మనిషి ఒకడు కూడా చచ్చిపడి ఉన్నాడట. ఎవరి తూటాకు పోయాడో ఎవరికీ తెలియదు.

రైఫిల్‌ని నా బల్ల మీదికి తెచ్చింది ఆ పార్టీలో ఉన్న మీసాల కానిస్టేబుల్ ఒకడు.

"పిల్లగాడు భయపడ్డడు సార్. ఒక్క రౌండ్ గూడ కాల్చలే. ఉరికిండు, వాగుల పడ్డడు" అన్నాడు.

"నువ్వు చూసినవా?"

"నేను చూడలే. అందరు గట్లనే అంటున్నరు."

"అందరు ఏం చూసిండ్రయ్యా, మీరు ఉరికేటప్పుడు వెనక్కి తిరిగి చూసిండ్రా? నోర్మూసుకొని కూసో" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడు నోరెత్తలేడని ఎంత మాటైనా అనేస్తారా?

ఆ కోపం తప్ప నాలో ఇంకేమీ లేదు. ఏడుపు రాలేదు. అమ్మోనియా ఘాటుకు కళ్లు కారుతుంటే, పోనీలే, ఇదైనా కారుతోంది అనుకున్నాను. బ్యారల్ నిండా ఇసుక, తుప్పు. మసిని వాగునీళ్లు ఎప్పుడో కడిగేశాయి. రాగిని మాత్రం కడగలేవు. ఆ పొద్దున పిల్లాడికి ఇచ్చేముందు ఆ బ్యారల్‌ని గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోమింది నేనే. ఇప్పుడు నీలం వచ్చిందంటే అది అతను కాల్చినదే.

నీలమే వచ్చింది. ఆ గుడ్డ తీసుకెళ్లి మీసాలవాడి మొహం ముందు ఆడించాను.

"చూడు. ఉరికినోడి బ్యారల్ గిట్లుంటదా?"

వాడు నోరు తెరిచాడు. గుడ్డ పట్టుకుని వరండాలో అందరికీ చూపించాడు. నా మనసు కాస్త చల్లబడింది. మళ్లీ పనిలో పడ్డాను.

మధ్యాహ్నం ఆ పిల్లాడి తండ్రి వచ్చాడు. దవాఖానాలో శవం ఇవ్వడానికి ఇంకా టైమ్ పడుతుందన్నారట, కొడుకు ఉన్న చోటు చూసిపోదామని వచ్చాడు. మెడలో చిన్న సిలువ. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, రైఫిల్ వంక చాలాసేపు చూశాడు.

"ఇదేనా సారూ, మా పిల్లగానిది?"

"ఇదే పెద్దయ్యా. నీ కొడుకు భయపడి ఉరకలే. కాల్చిండు" అన్నాను. ఆయనకు ధైర్యం ఇస్తున్నాననే అనుకున్నాను.

ఆయన మొహం పాలిపోయింది.

"కాల్చిండా?" అన్నాడు. "నౌకరీల చేరేటప్పుడు వాళ్లమ్మ ముంగట ప్రార్థన చేసి మాటిచ్చిండు బిడ్డా. కాల్చాల్సొస్తే గాల్లోకే కాలుస్త, మనిషి మీదికి కాల్చనన్నడు. వాళ్లమ్మ ఇప్పుడు గదే అడుగుతది నన్ను. కొడుకు పోయిండు, మాట గూడ పోయిందా అని. ఈ గొట్టంల తెలుస్తదా, గాల్లోకి కాల్చిండా, మనిషి మీదికా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు.

"తెల్వదు పెద్దయ్యా. కాల్చినట్టు తెలుస్తది గంతే."

"ఎవ్వలకు తెల్వదా?"

"ఎవ్వలకు తెల్వదు."

ఆయన మెడలోని సిలువను గుప్పిట పట్టుకున్నాడు. తర్వాత, "అయితే గాల్లోకే కాల్చిండు. వాళ్లమ్మకు గదే చెప్తా" అన్నాడు. నేను "అవ్" అంటూ తలూపాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

గుమ్మం దగ్గర మీసాల కానిస్టేబుల్ అటెన్షన్‌లో నిలబడి ఆయనకు సెల్యూట్ కొట్టాడు. నిజంగానే కొట్టాడు, వాడి కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

"నీ కొడుకు పులి పెద్దయ్యా! పోతా పోతా అవతల ఒకణ్ణి పడగొట్టిండు. గుడ్డ చూసినం మేమందరం. కావాలంటే సార్‌నడుగు."

పెద్దాయన గడప మీదే ఆగిపోయాడు. మెల్లగా నా వైపు తిరిగాడు.

"తెల్వదంటివి గద బిడ్డా" అన్నాడు.